మాట్లాడే మనిషి కోసం వెతుకులాట

నాకు బైపోలార్ డిజార్డర్ ఉందని డాక్టరు చాలా మామూలు గొంతుతో చెప్పారు. ఆయన ఎదురుగా నేను, నాకు ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క అమ్మ కూర్చుని ఉన్నాం. బయట వరండాలో కుర్చీలు చాలక జనం నిలబడి ఉన్నారు. ఆయన చీటీ రాస్తూనే అన్నారు:

"మందులు నేనిస్తాను. వాటిని మానకూడదు. కానీ ఈ జబ్బుకు మందు ఒక్కటే చాలదు. మీతో కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. థెరపీ అంటారు. నాకు ఆ తీరిక లేదు, మీరే చూస్తున్నారుగా. ఎవరినైనా వెతుక్కోండి."

ఎక్కడ వెతుక్కోవాలో చెప్పలేదు. అప్పటికి మా రాయ్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయి చాలా ఏళ్లయింది. కొత్త రోడ్లు, కొత్త ఆస్పత్రులు, కొత్త మాల్స్ అన్నీ వచ్చాయి. ఇలాంటి జబ్బుతో ఉన్న మనిషికి మాట్లాడటానికి ఎవరున్నారో మాత్రం ఎవరినడగాలో తెలియదు.

నేను ఊరవతల సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. లారీల్లో వచ్చే ఖనిజంలో ఇనుము ఎంత ఉందో, బొగ్గులో బూడిద ఎంత ఉందో పరీక్షించి చెప్పడం నా పని. నాన్న రైల్వేలో గార్డుగా చేసి, రిటైరైన కొద్దికాలానికే పోయారు. అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చి ఇన్నేళ్లయినా ఆమె హిందీ కూరగాయల బజారు దాటలేదు. మా ఆయన కూడా ఇక్కడి తెలుగు రైల్వే కుటుంబంలో పుట్టినవాడే, రైల్వే ఆఫీసులో గుమాస్తా. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. రాయ్‌పూర్‌లోనే గుఢియారి పేటలో ఉన్న మా ఇంట్లో మేం ముగ్గురమే.

జబ్బు బయటపడింది ఆ ఏడాది ఎండాకాలంలో. ల్యాబులో ఇద్దరు మానేయడంతో నాకు వరుసగా నైట్ షిఫ్టులు పడ్డాయి. పగలు నిద్రపట్టేది కాదు. నిద్ర తగ్గేకొద్దీ నీరసం రావాలి కదా, నాకు హుషారు పెరిగింది. మనుషులు ఎందుకింత నెమ్మదిగా మాట్లాడుతున్నారా అనిపించేది. రాయ్‌పూర్ దగ్గర తిల్దాలో అన్ని రైస్ మిల్లులున్నాయి కదా, వాటన్నిటికీ ధాన్యంలో తేమ, బియ్యంలో నూక పరీక్షించే ల్యాబు ఒకటి పెట్టాలని తోచింది. తోచిన మర్నాడే లోకల్ ట్రైనెక్కి తిల్దా వెళ్లాను. ఎండలో ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు నడుస్తూ, యజమానులు టీ చల్లార్చుకునేలోపు నా పథకం మొత్తం చెప్పేశాను. కొందరు నన్ను నమ్మారు కూడా. స్టేషను దగ్గర ఒక షెడ్డు అద్దెకు మాట్లాడి వచ్చాను. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

అది అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ జబ్బులా కనిపించేది కాదు. వారం తిరిగేసరికి లారీల హారన్లు నాకేదో కబురు చెబుతున్నట్టు వినబడసాగాయి. ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ యార్డులో లారీలకు అడ్డంగా నిలబడి, మీ ఖనిజంలో విషం కలిసింది, వెనక్కి తీసుకుపొమ్మని డ్రైవర్ల మీద అరిచాను. ల్యాబు మేనేజరు మా ఆయనకు ఫోను చేశాడు. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ కొన్ని వారాలున్నాను. జబ్బు పేరు డాక్టరు చెప్పింది అప్పుడే.

తిరిగొచ్చాక మొదలైంది అసలు కష్టం. అంత ఎత్తునుంచి దిగిన మనసు నేల మీద ఆగలేదు, ఇంకా కిందికి పోయింది. అమ్మ అన్నం కలిపి నోటి దగ్గర పెడితే నమలడం కూడా పనిగా ఉండేది. వానాకాలమంతా గోడవైపు తిరిగి పడుకున్నాను.

డాక్టరు ఇచ్చిన ముఖ్యమైన మందు లిథియం. కాలేజీలో బర్నరు మంటను ఎర్రగా మార్చే లవణంగానే అది నాకు తెలుసు. ఆ మాట చెబితే ఆయన మొదటిసారి నవ్వి, "అయితే మోతాదు మించితే విషమయ్యే ఈ మందుకు రక్తపరీక్షలు ఎందుకు చేయించాలో మీకు నేను పాఠం చెప్పక్కర్లేదు" అన్నారు. చేతులు కొంచెం వణికేవి, దాహం ఎక్కువయ్యేది, కానీ మందు పనిచేసింది. చలికాలానికి మంచం దిగాను, ఉద్యోగానికి వెళ్లాను. అయితే దిగాక ఎటు నడవాలో మాత్ర చెప్పదు. మళ్లీ అలా అవుతుందేమో అన్న భయంతో, నాకు కాస్త నవ్వొచ్చినా అనుమానమే, కాస్త ఏడుపొచ్చినా అనుమానమే. అప్పుడు గట్టిగా అనుకున్నాను, ఆ మాట్లాడే మనిషిని వెతికి తీరాలని.

అమ్మకు ఇష్టం లేదు. "బయటోలకి మనింటి గుట్టు సెప్పుకోడమేటి? నాకు సెప్పు, వింటాను" అంది.

"నీకు చెబితే నువ్వు ఏడుస్తావమ్మా" అన్నాను.

మొదట వెళ్లింది పెద్ద బోర్డున్న ఒక కౌన్సెలింగ్ సెంటరుకు. టై కట్టుకున్న ఒకాయన నాకు కేటాయించిన సమయమంతా తనే మాట్లాడాడు. రోజూ అద్దం ముందు నిలబడి నేను గెలుస్తాను అనుకోమన్నాడు. నేను తిల్దాకు వెళ్లిన రోజుల్లో ఎవరూ చెప్పకుండానే అనుకున్న మాట అది. రెండోసారి వెళ్లలేదు.

తర్వాత వెళ్లిన ఆవిడ నా మాత్రల చీటీ చూసి మొహం చిట్లించింది. "ఇవి మనిషిని బానిసను చేస్తాయి. నా దగ్గరికి వస్తూ ఉండండి, మెల్లగా అన్నీ మాన్పించేస్తాను" అంది.

"మా డాక్టరుగారితో ఒకసారి మాట్లాడతారా?" అని అడిగాను.

"ఆయనతో నాకేం పని?"

"అయితే నాతో కూడా లేదు" అని లేచాను. మెట్లు దిగుతుంటే, చాలా నెలల తర్వాత నామీద నాకు కాస్త గౌరవం కలిగింది.

కింద స్కూటరు దగ్గర కాచుకుని ఉన్న మా ఆయన నా మొహం చూసి, "దవాయి పనిచేస్తోంది కదా. ఫిర్ ఈ తిరుగుడంతా ఎందుకు?" అన్నాడు.

"దొరికేదాకా తిరుగుతాను. మీరు రాలేకపోతే ఆటోలో వెళతాను."

"రానని ఎవరన్నారు, బైఠో" అని స్కూటరు స్టార్ట్ చేశాడు. ఆ తర్వాత కూడా ప్రతిసారీ ఆయనే తీసుకెళ్లాడు.

మూడోసారి కలిసింది చిన్న అమ్మాయిని, అప్పుడే చదువు ముగించి వచ్చింది. నేను చెప్పింది శ్రద్ధగా విని, హిందీలో నెమ్మదిగా అంది: "దీదీ, నేను పరీక్షల భయం, ఇంటి గొడవలు, అలాంటివి చూడగలను. ఈ జబ్బుతో పనిచేసిన అనుభవం నాకు లేదు. మిమ్మల్ని నా దగ్గర ఉంచుకోవడం తప్పు. నాకు పాఠం చెప్పిన మేడమ్ ఒకరు శంకర్ నగర్‌లో ఉన్నారు."

తనకు రాదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. ఆ ఒక్క కారణంతో ఆమె చెప్పిన పేరును నమ్మాను.

ఆ మేడమ్ గది ఒక మందుల దుకాణం పైన ఉండేది. నూలు చీర, నెరిసిన జుట్టు, పక్కనే స్టీలు గ్లాసుతో నీళ్లు. ఆవిడ ఛత్తీస్‌గఢ్ మనిషే, మాట్లాడేది హిందీ. నేను కూర్చోగానే చెప్పాను, ముందు నేనే కొన్ని ప్రశ్నలడుగుతానని. ఫ్యాక్టరీలోకి వచ్చే ఏ సరుకునూ పరీక్షించకుండా లోపలికి రానివ్వను, ఇప్పుడు నా బుర్రను అప్పజెప్పే మనిషిని ఎలా రానిస్తాను?

"బైపోలార్ ఉన్నవాళ్లతో పనిచేశారా?"

"చేశాను. ఇప్పుడూ చేస్తున్నాను."

"మందులు మానెయ్యమంటారా?"

"అనను. మానెయ్యాలని మీకు అనిపిస్తే ముందు నాకు చెప్పమంటాను."

"మా డాక్టరుతో మాట్లాడతారా?"

"మీరు ఒప్పుకుంటే మాట్లాడతాను. ఏం మాట్లాడానో మీకు చెబుతాను."

"నాకు తగ్గుతుందా?"

"జబ్బు పోతుందని మాటివ్వలేను. అది వచ్చే దారి మీకు ముందుగా కనబడేలా చేయడానికి ఇద్దరం కష్టపడదాం. కష్టం మీకే ఎక్కువ" అన్నారు.

తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నా చిన్నతనం గురించి కాదు, మా అమ్మానాన్నల గురించీ కాదు. "ఈ వారం ఏ వేళకు పడుకున్నారు, ఏ వేళకు లేచారు?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మీద అనుమానం రాలేదు.

మొదటి నెలల్లో చాలా వరకు కోపమే చెప్పుకున్నాను. అందరూ నన్ను జాగ్రత్తగా చూడటం మీద కోపం. ఒకరోజు, ఎవరికీ చెప్పని మాట నోటినుంచి వచ్చేసింది. "నాకు ఆ తిల్దా రోజులు మళ్లీ కావాలి మేడమ్. ఈ మాత్రలు వేసుకునే మనిషి నాకు నచ్చడం లేదు. ఆ మనిషే నచ్చింది."

ఆవిడ కంగారుపడలేదు. "ఆ రోజుల్లో ఏం బాగుంది? ఒక్కొక్కటీ చెప్పండి" అన్నారు. చెప్పడానికి కూర్చుంటే, ఎగరడం ఒక్కటే కాదు, కొత్త మనుషులతో భయం లేకుండా మాట్లాడటం, నాకు తెలిసిన పనికి విలువ ఉందనుకోవడం కూడా నచ్చాయని తేలింది. "వీటికి జబ్బు అక్కర్లేదు. నెమ్మదిగా వస్తాయి, అంతే తేడా" అన్నారు ఆవిడ. ఆ మాట నేను వెంటనే ఒప్పుకోలేదు. నెలల తరబడి వాదించాను. కానీ మాత్ర మానెయ్యలేదు.

గోడవైపు తిరిగి పడుకున్న నెలల గురించి మాట్లాడటం మాత్రం చేతనయ్యేది కాదు. హిందీలో మొదలుపెడితే డిప్రెషన్ అన్న మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆ మాట చీటీలో రాసినట్టు ఉండేది తప్ప నాకు జరిగినట్టు ఉండేది కాదు. నేను మళ్లీ మళ్లీ ఆగడం చూసి మేడమ్, "మీ భాషలో చెప్పండి" అన్నారు.

"మీకు అర్థం కాదు కదా?"

"ముందు మీరు వినండి. నాకు తర్వాత చెబుదురుగాని."

తెలుగు ఒక్క ముక్క రాని ఆవిడ ముందు కూర్చుని తెలుగులో మొదలుపెట్టాను. గుబులు అన్నాను. పొద్దున కళ్లు తెరవగానే ఇంకా ఉన్నానా అని బెంగ పుట్టేదన్నాను. అమ్మ పెట్టిన ముద్ద నోట్లో మట్టిలా ఉండేదని, ఆమె పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూసి కూడా నాకేమీ అనిపించలేదని, ఏమీ అనిపించకపోవడమే అన్నిటికంటే భయమేసిందని చెప్పాను. ఆవిడ కళ్లు నా మొహం మీంచి కదల్లేదు. చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత అదంతా హిందీలో చెప్పడం పెద్ద కష్టం కాలేదు.

ఇక నిద్ర సంగతి. డాక్టరు, మేడమ్ ఇద్దరూ మాట్లాడుకుని ఒకే మాట చెప్పారు: నైట్ షిఫ్టు వద్దు. రోజూ ఒకే వేళకు పడుకోవాలి, ఒకే వేళకు లేవాలి, పండగైనా సరే. నాకు అది ఉద్యోగం వదులుకోమన్నట్టు వినబడింది. మా ల్యాబులో షిఫ్టు చేయని కెమిస్టు లేడు.

"మేనేజరును ఎలా అడుగుతారో ఇక్కడ అడిగి చూపించండి, మేనేజరు నేనే" అన్నారు మేడమ్. నేను మొదటిసారి అడిగినప్పుడు మూడు సార్లు సారీ చెప్పానట. మళ్లీ అడగమన్నారు. ఈసారి ఆవిడ మేనేజరులా కసిరితే మళ్లీ సారీ అనేశాను. ఇంకోసారి అడగమన్నారు. అలా ఆ సాయంత్రమంతా అడగడమే నేర్చుకున్నాను. ఎంత చెప్పాలి, ఎంత దాచుకోవచ్చు అనేది కూడా అక్కడే తేల్చుకున్నాను. జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు, వైద్య కారణం వల్ల రాత్రి నిద్ర తప్పనిసరి అని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే చాలు. యార్డులో జరిగింది అందరికీ తెలుసు కాబట్టి మిగిలింది వాళ్లే ఊహించుకుంటారు. ఊహించుకోనివ్వండి అన్నారు మేడమ్.

మేనేజరు నేననుకున్నంత మొరటుగా లేడు, అంత మంచిగానూ లేడు. "నీకిస్తే రేపు అందరూ అడుగుతారు. షిఫ్టు చేయలేకపోతే ఇంట్లో కూర్చో" అన్నాడు.

"ఇంట్లో కూర్చోను సార్. పని చేస్తాను. పగలు ఏ పనైనా ఇవ్వండి."

"పగలు పనంటే యార్డులో శాంపిలింగే. ఎండలో, దుమ్ములో ఉంటుంది. పైగా కెమిస్టులు చేసే పని కాదది."

"చేస్తాను" అన్నాను.

అలా ఏసీ ల్యాబునుంచి ఖనిజం కుప్పల మధ్యకు వెళ్లాను. లారీ దిగిన ప్రతి కుప్పలోంచి నమూనాలు తీయించి, కలిపి, భాగాలు చేసి ల్యాబుకు పంపడం. నేను ఏ యార్డులో అరిచానో ఆ యార్డే. మొదటి వారం డ్రైవర్లు నన్ను చూసి ఒకరితో ఒకరు గొణుక్కున్నారు. అటువైపు తలెత్తి చూడటానికి ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత వాళ్లకూ అలవాటైపోయింది, నాకూ అయింది. సాయంత్రం ఇంటికొచ్చి ముక్కులోంచి నల్ల దుమ్ము కడుక్కునేదాన్ని. వేళకు పడుకునేదాన్ని. ఆ ఏడాది జబ్బు తిరగబెట్టలేదు.

మరుసటి ఏడాది మేడమ్ మా ఇంట్లోవాళ్లను కూడా ఒకసారి రమ్మన్నారు. అమ్మ రానంది. మా ఆయన, "అత్తయ్యా, ఒక్కసారే. చాయ్ తాగి వచ్చేద్దాం" అని ఒప్పించాడు. అమ్మ పెళ్లికి వెళ్లినట్టు పట్టుచీర కట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

నాకు జబ్బు పైకి లేచే ముందు మొదట ఏం మారుతుందో చెప్పమని మేడమ్ అడిగారు. నిద్ర అని నేను అన్నాను. మా ఆయన, మాట వేగం అన్నాడు. అమ్మకు తెలుగులో చెప్పి, నువ్వేం చూశావని అడిగాడు.

"ఆయమ్మకి సెప్పు బాబూ" అంది అమ్మ. "జబ్బొచ్చే ముందర ఇది నాతోటి హిందీ మాటాడతాది."

నేను ఆమెవైపు తిరిగాను. అలాంటిదేమీ నాకు తెలియదు.

"ఇంట్లో నాతోటి ఎప్పుడూ తెలుగే. అప్పుడు మాత్రం 'మా, సునో, సునో', ఇను ఇను అని వెంటపడతాది. నాకు సగం తెల్దు. తెల్దని సెప్పినా ఆగదు. వాళ్ల నాన్న పోయిన ఏడు కూడా కొన్నాళ్లు అలాగే మాటాడింది. దుఃఖం వల్ల అనుకున్నాను."

మా ఆయన అది హిందీలో చెబుతుంటే మేడమ్ ముందుకు వంగి విన్నారు. ఎంత ముందు, ఎన్నాళ్లు అని గుచ్చి గుచ్చి అడిగారు. నాకు నిద్ర తగ్గిందని తెలిసేకంటే ముందే అమ్మకు ఆ మార్పు కనబడుతోందని తేలింది. ఇంట్లో మాట్లాడే భాష బుర్ర వేగానికి సరిపోక, నాకు తెలియకుండానే బయటి భాషలోకి దూకేస్తున్నానేమో. కారణం ఏదైనా గుర్తు దొరికింది.

ఆ సాయంత్రం అక్కడే ఒక ఒప్పందం చేసుకున్నాం. బాగున్నప్పుడు నేనే పెట్టుకున్న ఒప్పందం. అమ్మకు ఆ గుర్తు కనబడితే, "ఇప్పుడు తెలుగులో సెప్పు" అనాలి. ఆ మాట అంటే నేను వాదించకూడదు. నా దగ్గరుండే స్కూటరు తాళం అమ్మకు ఇచ్చేసి, డాక్టరుకు ఫోను చేసి, డ్యూటీకి సెలవు పెట్టాలి.

"నానంటే ఇది ఊరుకుంటాదా?" అంది అమ్మ.

మేడమ్‌కు దాని అర్థం చెప్పగానే, "ఊరుకోదు. చాలా కోపం వస్తుంది. అయినా అనండి" అన్నారు.

ఆ మాట వాడాల్సిన రోజు వచ్చింది. శ్రీకాకుళంలో పిన్ని కూతురి పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున, ఇంటినిండా చుట్టాలు, పోతూ వస్తూ రైలు ప్రయాణం. జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను, కానీ నిద్ర పాడైంది. తిరిగొచ్చిన కొన్నాళ్లకు ఒక పొద్దున అమ్మ దోసెలు వేస్తుంటే నేను వంటగది గోడను కొలుస్తున్నాను. గోడ తీసేస్తే వెలుతురొస్తుంది, వెలుతురొస్తే ఇక్కడే యోగా క్లాసులు పెట్టొచ్చు, కాలనీ ఆడవాళ్లంతా వస్తారు. "మా, దేఖో, యే దీవార్ తోడ్ దేంగే, సునో నా" అంటున్నాను.

అమ్మ పొయ్యి కట్టేసింది. నావైపు తిరిగింది. అంది: "ఇప్పుడు తెలుగులో సెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను సంతోషంగా ఉంటే నీకు జబ్బే కనబడుతుందా? నవ్వితే జబ్బు, మాట్లాడితే జబ్బు" అని అరిచాను, అది కూడా హిందీలోనే.

"సరే. అదే తెలుగులో సెప్పు" అంది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను పంతానికి తెలుగులో చెప్పబోయాను. ఈ గోడ పడగొడదాం అన్నాను. ఆ తర్వాత మాట దొరకలేదు. యోగా క్లాసులకూ గోడకూ మధ్య ఉన్న దారి తెలుగులో ఎంత వెతికినా కనబడలేదు. నాకు జీవితంలో యోగా రాదు. అమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉంది, పెనం మీద దోసె మాడుతోంది. నాకు భయమేసింది. ఆ భయమే నన్ను కాపాడింది.

తాళం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఇవ్వాలని లేదు, ఒప్పుకున్నాను కాబట్టి ఇచ్చాను. డాక్టరుకు నేనే ఫోను చేశాను. ఆయన రక్తపరీక్ష చేయించి, కొన్నాళ్లకు ఇంకో మందు కలిపారు. ఆ సాయంత్రమే మేడమ్ దగ్గరికి వెళ్లి గంటసేపు అమ్మను తిట్టాను. ఆవిడ విని, "తిట్టండి. తాళం మాత్రం తిరిగి అడక్కండి" అన్నారు. నిద్రపట్టడానికి వెలుతురు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫోను మా ఆయనకు ఇచ్చేసి, ఇంట్లోనే ఉన్నాను. గోడలు నన్ను నొక్కేస్తున్నట్టుండేది. రెండో వారానికి నిద్ర తిరిగొచ్చింది. ఈసారి ఆస్పత్రిలో చేరలేదు.

దాని వెనకే కిందికి దిగడం కూడా వచ్చింది. కానీ అది ఇదివరకంత లోతు కాదు. ఎలా ఉన్నా స్నానం, ఎలా ఉన్నా డాబా మీద నడక అని మేడమ్ దగ్గర రాజీ కుదుర్చుకున్నాను. సెలవు పెట్టిన రోజులున్నాయి, బస్సులో ఏడుస్తూ సిల్తారా వెళ్లిన రోజులున్నాయి. వెళ్లాక పని చేశాను.

కరోనా వచ్చి ఊరంతా మూతపడ్డప్పుడు థెరపీ ఫోనులోకి మారింది. ఇంట్లో చాటుగా మాట్లాడే చోటు లేక డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేదాన్ని. అలా మాట్లాడుతున్న ఒకరోజు మేడమ్, తాను పని తగ్గించుకుంటున్నానని, కొన్ని నెలల్లో జబల్‌పూర్ వెళ్లిపోతున్నానని చెప్పారు. మరి నేనెవరితో మాట్లాడాలని అడిగాను.

"నేను పేరు ఒకటి చెప్పగలను, కానీ ఎంచుకోవడం మీ పని. నన్ను అడిగిన ప్రశ్నలే వాళ్లనూ అడగండి" అన్నారు. మిగిలిన నెలలు వీడ్కోలు గురించే మాట్లాడుకున్నాం. చివరిరోజు ఇద్దరం మామూలుగానే ఉండాలని ప్రయత్నించాం. ఆవిడకు కుదిరింది. నాకు కుదర్లేదు.

ఈసారి వెతకడం తెలిసిన పని. ఇద్దరిని చూసి వద్దనుకున్నాను. మూడోసారి వీడియోలో విశాఖపట్నం నుంచి ఒకావిడ దొరికారు, తెలుగామె. ప్రశ్నలన్నిటికీ సూటిగా జవాబిచ్చారు. ఎట్టకేలకు సొంత భాషలో మాట్లాడొచ్చని సంబరపడ్డాను. తీరా చూస్తే నెలరోజులు నేను ఆవిడతో చుట్టాలింట్లో కూర్చున్నట్టు మాట్లాడాను. అండీ, పర్లేదండీ, బాగానే ఉందండీ. రాని భాషలో తడబడుతూ నిజం చెప్పినదాన్ని వచ్చిన భాషలో మర్యాద వెనక దాక్కుంటున్నాను. అదే ఆవిడకు చెప్పాను.

"అయితే కొన్నాళ్లు మర్యాద మానేయండి. నన్ను మీరు అనకపోయినా పర్లేదు" అన్నారు.

నువ్వు అనడం నా వల్ల కాలేదు కానీ అండీలు తగ్గించాను. ఇప్పుడు నెలకు రెండుసార్లు మాట్లాడతాను. గడ్డురోజులొస్తే వారం వారం.

యార్డులో నమూనాల పని మొత్తం నా చేతికిందికి వచ్చింది. మేనేజరు రిటైరై వెళ్లేముందు, ల్యాబులో పగటి సీటు ఖాళీగా ఉంది, వస్తావా అని అడిగాడు. వద్దన్నాను. ఎండ, దుమ్ము అలవాటయ్యాయి, పని నాకు నచ్చింది. చేతుల వణుకు పూర్తిగా పోలేదు. టీ గ్లాసు సగమే నింపమంటాను.

అమ్మ కిందటి నెల కూరగాయలు తరుగుతూ, "ఆ వైజాగ్ ఆవిడ నాతోటి కూడా మాటాడతాదేటి?" అంది. దేని గురించని అడిగాను. "నీకు సెబితే నువ్వు ఏడుస్తావు" అంది.

నవ్వుతున్నట్టే అంది, కానీ కళ్లు తరిగే వంకాయ మీదనుంచి ఎత్తలేదు. నా థెరపిస్టును అడిగితే, తన దగ్గర కాకుండా ఇంకొకరైతే మంచిదన్నారు. అమ్మ కోసం ఇప్పుడు వేరే మనిషిని చూస్తున్నాను. ఆదివారం ఒకావిడతో మాట్లాడాలి. శనివారం నా లిథియం రక్తపరీక్ష, పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి.